బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేర్చాలా? చేర్చే ముందు మూడేళ్ల సబ్జెక్టుల పట్టిక అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్‌కు మళ్లీ కూర్చోనంటోంది. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చేస్తానని పట్టుబట్టింది. మీ జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు చదువవగానే సీబీఐలో ఉద్యోగమని బ్రోచర్ చేతిలో పెట్టారు. శవాల మధ్య పని ఆడపిల్లకెందుకని ఇంట్లో టెన్షన్. చేర్చాలా, వద్దా?

నేను రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబులో టాక్సికాలజీలో, అంటే విషాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పించాను, కోర్టు బోను కూడా ఎక్కాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ రంగంలోకి పంపండి, నాకైతే అభ్యంతరం కనిపించలేదు. కానీ మూడేళ్లూ కెమిస్ట్రీ లేని ఫోరెన్సిక్ డిగ్రీలో మాత్రం చేర్చకండి. ఎందుకో కింద రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు శవాల సంగతి తేల్చేద్దాం. పోస్టుమార్టం చేసేది డాక్టర్లు. అది ఫోరెన్సిక్ మెడిసిన్, ఎంబీబీఎస్ చదివాక ఎండీలో తీసుకునే సబ్జెక్టు. బీఎస్సీ ఫోరెన్సిక్ చదివితే శవపరీక్ష చేసే అర్హత రాదు, ఎవరూ చేయమనరు కూడా. నీట్ పోయింది కాబట్టి ఈ దారిలో డాక్టరు లాంటి పని దొరుకుతుందని అమ్మాయి అనుకుంటుంటే, ఆ అపోహ ఇప్పుడే తీసేయండి. ఫోరెన్సిక్ సైంటిస్టు పని ఎక్కువ భాగం ల్యాబులో, బల్ల ముందు, రిజిస్టర్ల మధ్య జరుగుతుంది. సంఘటన స్థలానికి వెళ్లేది క్లూస్ టీమ్. పేపర్లో "క్లూస్ టీమ్ ఆధారాలు సేకరించింది" అని రోజూ చదువుతాం కదా, వాళ్లు. అందులో చేరితే అర్ధరాత్రి ఫోన్లు, శవాలు, కాలిన ఇళ్లు తప్పవు. ల్యాబులో చేరితే తప్పుతాయి. రెండూ వేరు వేరు ఉద్యోగాలు. రెండింట్లోనూ అమ్మాయిలు ఉన్నారు, నా విభాగంలో చాలా ఏళ్లు వాళ్లే ఎక్కువ.

అయితే ల్యాబు పని కూడా మరీ సుకుమారమైనదేం కాదు. మా విభాగంలో ఎక్కువగా వచ్చేది విసెరా. పోస్టుమార్టంలో తీసిన కడుపులోని పదార్థం, పేగు ముక్క, కాలేయం, మూత్రపిండం సీసాల్లో పెట్టి, సాధారణంగా గాఢమైన ఉప్పునీళ్లలో నిలవచేసి పంపుతారు. మూత తీయగానే వచ్చే వాసనకు కొత్తవాళ్లు గుమ్మం దాకా వెళ్లి వస్తారు. వారం పది రోజుల్లో అలవాటు పడతారు. అలవాటు కానివాళ్లు డాక్యుమెంట్ల విభాగానికో, కంప్యూటర్ ఫోరెన్సిక్‌కో మారిపోతారు. అందులో చిన్నతనమేమీ లేదు.

అసలు పని ఎలా ఉంటుందో ఒక్క కేసుతో చెబుతాను, నా సలహాకు కారణం అందులోనే ఉంది.

పార్సెల్ రాగానే ముందు చూసేది దాని మీది లక్క సీలు. పోలీసులు పంపిన నమూనా సీలుతో అది సరిపోవాలి. లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో, అంటే పార్సెల్‌తో పాటు వచ్చే లేఖలో, రాసిన వస్తువులు, వచ్చిన వస్తువులు ఒక్కటి కావాలి. సీసా మీది లేబుల్, క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు అన్నీ కలవాలి. ఇవి కుదరకపోతే లోపల ఏముందో తర్వాతి మాట, పార్సెల్ వెనక్కి వెళ్తుంది. ఆ తర్వాత కాలేయం ముక్కను మెత్తగా నూరి, తగిన సాల్వెంట్‌తో, అంటే కరిగించే ద్రవంతో, విషాన్ని అందులోంచి బయటికి లాగుతాం. సాల్వెంట్‌ను ఆవిరి చేయగా మిగిలినదాన్ని టీఎల్సీ ప్లేటు (పదార్థాలను విడదీసే పలుచని పూత ఉన్న పలక) అడుగున చిన్న చుక్కగా పెడతాం. పక్కనే తెలిసిన మందు చుక్క, అంటే స్టాండర్డ్. ప్లేటును హెక్సేన్, ఎసిటోన్ మిశ్రమంలో నిలబెడితే ద్రవం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తుకు తీసుకెళ్తుంది. బయటికి తీసి ఆరబెట్టి, పెల్లాడియం క్లోరైడ్ స్ప్రే కొడతాం. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు ఉంటే పసుపు రంగు మచ్చ తేలుతుంది. స్టాండర్డ్‌ది, శాంపిల్‌ది ఒకే ఎత్తులో ఉన్నాయంటే దారి దొరికినట్టే. ఆ తర్వాత పదార్థాన్ని కచ్చితంగా గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రంలో పెట్టి ఖాయం చేసుకుంటాం.

ఇంతవరకూ ఏ పుస్తకంలో అయినా ఉంటుంది. ఇప్పుడు అదే బల్ల మీదికి మోనోక్రోటోఫాస్ కేసు వచ్చిందనుకోండి. మన పత్తి చేల దగ్గర అందరికీ తెలిసిన మందే. ఇదీ క్లోరిపైరిఫాస్ లాగే ఆర్గానోఫాస్ఫరస్ (భాస్వరం ఉన్న పురుగుమందుల) జాతిదే. కానీ దీని అణువులో గంధకం లేదు. పెల్లాడియం క్లోరైడ్ రంగు ఇచ్చేది గంధకం ఉన్నవాటికి. పైగా ఇది నీళ్లలో ఇట్టే కలిసిపోయే మందు, హెక్సేన్‌లోకి సరిగ్గా రాదు. "ఆర్గానోఫాస్ఫరస్ అయితే హెక్సేన్‌తో లాగు, పెల్లాడియం క్లోరైడ్ కొట్టు" అని బట్టీ పట్టిన పిల్లకు ప్లేటు ఖాళీగా కనిపిస్తుంది. విషం లేదని రిపోర్టు రాసేస్తుంది. బతికున్నవాళ్ల మీద హత్యారోపణ ఉన్న కేసులో ఆ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో ఊహించండి. అదే కెమిస్ట్రీ గట్టిగా చదివిన పిల్ల ముందు మందు నిర్మాణం గుర్తు తెచ్చుకుంటుంది, సాల్వెంట్ మారుస్తుంది, స్ప్రే మారుస్తుంది. ఫోరెన్సిక్ పేపర్లో ఆమెకు తక్కువ మార్కులొచ్చి ఉండొచ్చు. నాకు ఆమే కావాలి.

బీఎస్సీ ఫోరెన్సిక్‌లో నాకు కనిపించే ఇబ్బంది ఇదే. వేలిముద్రలు, చేతిరాత, తుపాకులు, రక్తం, విషాలు, సైబర్, నేరశాస్త్రం, చట్టం అన్నీ మూడేళ్లలో రుచి చూపిస్తారు. పెళ్లి విందులో ప్రతిదీ ఒక్కో చెంచా తిన్నట్టుంటుంది. పిల్లలకు బోర్ కొట్టదు, అది మంచిదే. కానీ ల్యాబులో "ఫోరెన్సిక్" అనే విభాగం ఉండదు. కెమిస్ట్రీ, టాక్సికాలజీ, బయాలజీ-సీరాలజీ (రక్తం, ఇతర శరీర ద్రవాల పరీక్ష), డీఎన్ఏ, ఫిజిక్స్, బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాలు), డాక్యుమెంట్స్, కంప్యూటర్స్... ఇలా ఉంటాయి. పోస్టులూ వీటి లెక్కనే పడతాయి.

ఉద్యోగాల నోటిఫికేషన్లు పాతవైనా సరే తీసి, అర్హతల గడి చదవండి. మన దగ్గర రాష్ట్ర ల్యాబుల్లో సైంటిఫిక్ అసిస్టెంట్ లాంటి పోస్టులు పోలీసు నియామక మండలి ద్వారా భర్తీ అవుతున్నాయి. కేంద్ర ల్యాబుల్లో జూనియర్, సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్ పోస్టులకు యూపీఎస్సీ పిలుస్తుంది. కెమిస్ట్రీ వైపు పోస్టులకు యూపీఎస్సీ ప్రకటనల్లో ఒక మెలిక కనిపిస్తుంది: ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ అయినా పర్వాలేదు గానీ, డిగ్రీ మూడేళ్లూ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. మిగతా విభాగాలకూ వాటి వాటి సబ్జెక్టులతో ఇలాంటి షరతే ఉంటుంది. ఈ వాక్యం పిల్లలు చూసేది ఎమ్మెస్సీ అయ్యాక, అప్లికేషన్ నింపేటప్పుడు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. "ఫోరెన్సిక్‌లోనే బీఎస్సీ, ఎమ్మెస్సీ రెండూ చేశాను, నాకు అర్హత లేదా మేడం" అని అడిగిన పిల్లలకు ఏం చెప్పాలో నాకు పాలుపోయేది కాదు.

కాబట్టి మీ కాలేజీ వాళ్లను సీబీఐ గురించి అడగకండి. ఆరు సెమిస్టర్ల సబ్జెక్టుల పట్టిక అడగండి. మార్కుల మెమోలో కెమిస్ట్రీ అనే పేరుతో మూడేళ్లూ పేపర్ ఉంటుందా అని అడగండి. ఫోరెన్సిక్ కెమిస్ట్రీ అని ఒక సెమిస్టర్ పెట్టి అదే ఇదీ అంటే ఒప్పుకోకండి.

తెలంగాణలో అయితే డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ దోస్త్‌లో కెమిస్ట్రీ కలిసి ఉన్న ఫోరెన్సిక్ గ్రూపు కోసం వెతకండి. దాంతో పాటు జెనెటిక్స్, జువాలజీ, మైక్రోబయాలజీల్లో ఏదో ఒకటి ఉంటే బైపీసీ పిల్లకు ఇంకా మేలు. అలాంటి గ్రూపు దొరికితే బీఎస్సీ ఫోరెన్సిక్‌లో చేర్చడానికి నేను అడ్డు చెప్పను. ఆంధ్రాలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు మైనర్ అనే ఉప సబ్జెక్టు) వచ్చింది, అక్కడ ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఫోరెన్సిక్ మేజర్ తీసుకుంటే కెమిస్ట్రీ వెనక్కి పోయే ప్రమాదం ఉంది. కెమిస్ట్రీ మేజర్‌గా పెట్టి, ఫోరెన్సిక్‌ను మైనర్‌గా ఇచ్చే కాలేజీ ఉందేమో చూడండి. లేకపోతే కెమిస్ట్రీనో, బయోటెక్నాలజీనో మేజర్‌గా చదివి ఫోరెన్సిక్‌ను పీజీకి దాచుకోవడం ఉత్తమం. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, ప్రవేశం సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా. ఈ దారిలో ఇంకో లాభముంది. మూడేళ్లలో అమ్మాయి మనసు మారితే, మారుతుంది కూడా, కెమిస్ట్రీ ఉన్న డిగ్రీతో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్, బీఈడీ అన్నీ తెరిచే ఉంటాయి. వట్టి ఫోరెన్సిక్ డిగ్రీతో వీటిలో చాలావరకు మూసుకుపోతాయి.

దీనికి మినహాయింపు ఒకటుంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. 2008లో గుజరాత్ ప్రభుత్వం చట్టంతో మొదలై, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. ఢిల్లీ రోహిణిలో ఉన్న పాత నేర, ఫోరెన్సిక్ శాస్త్రాల సంస్థ కూడా అప్పుడే దీనిలో కలిసిపోయింది. ఇక్కడ ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎస్సీ-ఎమ్మెస్సీ ఉంది, ఎన్‌ఫ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పరికరాలు, పాఠాలు చెప్పేవాళ్లు, నిజమైన కేసులు చూసే అవకాశం, అన్నిటిలోనూ మన ప్రైవేటు డిగ్రీ కాలేజీలకు అందనంత ఎత్తులో ఉంటుంది. అక్కడ సీటొస్తే పంపించండి. ఫీజు మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీతో పోలిస్తే బాగా ఎక్కువ, హాస్టల్ ఖర్చు దానికి అదనం. ఆ లెక్క ముందే వేసుకోండి. అక్కడ కూడా పైన చెప్పిన సబ్జెక్టుల షరతు గుర్తుపెట్టుకుని స్పెషలైజేషన్ ఎంచుకోమనండి.

ప్రైవేటు కాలేజీకి నేరుగా వెళ్లి చూసేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టండి. "మీ కంపారిజన్ మైక్రోస్కోప్ చూపిస్తారా?" అనండి. రెండు బుల్లెట్లనో, రెండు వెంట్రుకలనో పక్కపక్కన ఒకే చూపులో పోల్చే పరికరం అది. ఫోరెన్సిక్ చెప్పే చోట అది ఉండాల్సిందే. తాళం ఎవరి దగ్గరుందో వెతుకుతున్నారంటే పిల్లలు దాన్ని ముట్టుకోవడం లేదని అర్థం. వేలిముద్రల పౌడరు, నాలుగు బొమ్మల చార్టులు, నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం చూపించి క్రైమ్ సీన్ ల్యాబు అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. పాఠాలు చెప్పేవాళ్లలో ల్యాబు అనుభవం ఉన్నవాళ్లు ఎందరని కూడా అడగండి. ఏదో ల్యాబుతో ఎంవోయూ (ఒప్పందం) ఉందని కాగితం చూపిస్తే, ఆ ఎంవోయూ కింద నిరుడు ఎవరు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లారో వాళ్లతో ఒకసారి ఫోన్లో మాట్లాడించమనండి.

ఉద్యోగాల మాట. కొత్త చట్టాల వల్ల గిరాకీ పెరుగుతోంది, ఇది నిజం. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని పూర్తిగా అమలు చేయడానికి అయిదేళ్ల గడువు ఉంది. అదే ఏడాది జూన్‌లో కేంద్ర క్యాబినెట్ కొత్త ల్యాబులు, కొత్త యూనివర్సిటీ క్యాంపస్‌ల కోసం రూ. 2,254.43 కోట్ల పథకం ఆమోదించింది. అంటే మీ అమ్మాయి పీజీ పూర్తిచేసే సమయానికి క్లూస్ టీముల్లోనూ ల్యాబుల్లోనూ మనుషులు కావాలి. అయినా ప్రభుత్వ నోటిఫికేషన్ల సంగతి మీకు తెలియంది కాదు. ఎప్పుడు పడుతుందో, పడ్డాక ఎవరు కోర్టుకెళ్తారో, ఎప్పుడు పోస్టింగ్ ఇస్తారో. మధ్యలో కాంట్రాక్టు కొలువులు. చదువవగానే ఉద్యోగమని బ్రోచర్లో ఉన్న మాట, ముఖ్యంగా ఆ సీబీఐ మాట, నమ్మకండి.

ఆ ఖాళీ ఏళ్లలో ఆదుకునేది మళ్లీ మూల సబ్జెక్టే. మా రంగంలోనే ఉన్న ఎక్సైజ్ ల్యాబులు, ఆహార పరీక్షల ల్యాబులు, ఔషధ నియంత్రణ ల్యాబులు కెమిస్ట్రీ వాళ్లను తీసుకుంటాయి. తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ పట్టుకునేది ఇలాంటి విశ్లేషణతోనే. నేర్చుకున్న పనిని ఖాళీగా ఉంచకుండా వాడుకునే చోట్లు ఇవి.

కంప్యూటర్ల వైపు ఆసక్తి ఉంటే డిజిటల్ ఫోరెన్సిక్ వేరే దారి. అక్కడ ప్రైవేటు ఉద్యోగాలు మా పాత విభాగాలన్నిటికంటే ఎక్కువ. బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, సైబర్ సెక్యూరిటీ కంపెనీలు తీసుకుంటాయి. కానీ దానికి ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కింగ్ రావాలి. బైపీసీ నుంచి వచ్చిన పిల్ల నేర్చుకోలేదని కాదు, నేర్చుకోవాలని ముందే తెలిసి ఉండాలి. రామంతాపూర్‌లోని కేంద్ర ల్యాబులో సైబర్ ఫోరెన్సిక్ విభాగం పెద్దది, హైదరాబాద్ వాళ్లకు అదొక ఆకర్షణ.

అసలు హైదరాబాద్ ఈ రంగానికి పుట్టిల్లు లాంటిది. రామంతాపూర్‌లో సీఎఫ్ఎస్ఎల్ (పైన చెప్పిన కేంద్ర ల్యాబు), రెడ్‌హిల్స్‌లో తెలంగాణ రాష్ట్ర ల్యాబు, ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ అన్నీ గంట ప్రయాణంలో ఉన్నాయి. మన దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను నిలబెట్టిన లాల్జీ సింగ్ పనిచేసింది సీసీఎంబీలో. 1991లో రాజీవ్ గాంధీ హత్య కేసు, 1995లో ఢిల్లీ తందూరీ హత్య కేసు లాంటివాటిలో ఆ పరీక్షే ఉపయోగపడింది. ఆయన ఫోరెన్సిక్ డిగ్రీ చదవలేదు. బెనారస్‌లో జువాలజీ చదివి, పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ చేశారు. డీఎన్ఏ పరీక్షకు ఆయన వాడిన ప్రోబ్ (డీఎన్ఏలో సరిపోలే భాగాన్ని గుర్తించే చిన్న డీఎన్ఏ ముక్క) కట్లపాము డీఎన్ఏ మీద చేసిన పరిశోధనలోంచి వచ్చింది. పాముల్లో ఆడ, మగ తేడా ఎలా వస్తుందని వెతుకుతూ పోయిన మనిషి హంతకులను పట్టించే సాధనం తయారుచేశాడు. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, నా మాటలకంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

విదేశాల గురించి మీరు చివర్లో అడిగారు, అమెరికాలో మీ తమ్ముడి కుటుంబం ఉందని. అక్కడ చదవొచ్చు, మంచి కోర్సులున్నాయి. ఉద్యోగం దగ్గరే చిక్కు. క్రైమ్ ల్యాబులు ప్రభుత్వానివి, పోలీసులవి. ఎఫ్‌బీఐకి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఫోరెన్సిక్ సర్వీసును 2012లో మూసేసి పని ప్రైవేటు ల్యాబులకు ఇచ్చేశారు, అక్కడ పోటీ ఎక్కువ. లోను తీసుకుని ఫోరెన్సిక్ ఎంఎస్‌కు పంపితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. ఎనలిటికల్ కెమిస్ట్రీకి పంపితే దారులు ఎక్కువ.

ఇంకొక విషయం అమ్మాయినే అడగండి: నలుగురిలో నిలబడి గట్టిగా జవాబు చెప్పగలదా? ఎందుకంటే రిపోర్టు రాయడంతో మా పని అయిపోదు. ప్రభుత్వ ల్యాబు రిపోర్టును సాక్షిని పిలవకుండానే కోర్టు తీసుకోవచ్చని చట్టంలో ఉంది. అయినా డిఫెన్స్ లాయరు కోరితే, జడ్జి అవసరమనుకుంటే, పిలుస్తారు. అప్పుడు లాయరు మొదటి ప్రశ్న మీ చదువేమిటని. రెండోది, "ఆ పసుపు రంగు వేరే ఏ పదార్థంతోనూ రాదని చెప్పగలరా?" అని. రాదని గబుక్కున అనేస్తే అక్కడే దొరికిపోతాం, గంధకం ఉన్న ఇంకో మందుకూ వస్తుంది మరి. "వస్తుంది, అందుకే ఎత్తు పోల్చాను, జీసీ-ఎంఎస్‌లో ఖాయం చేసుకున్నాను" అని తొణకకుండా చెప్పాలి. సిగ్గరి పిల్లలు కూడా రెండు మూడు సార్లకు నేర్చేసుకుంటారు. అబద్ధం కలిపి నెగ్గుకొచ్చే స్వభావం ఉన్నవాళ్లే ఈ పనికి పనికిరారు.

టీవీలో చూపించే నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడిగే) పరీక్షల మీద మోజుతో వస్తుంటే అది మాత్రం చల్లార్చండి. మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయడం రాజ్యాంగ విరుద్ధమని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చేసింది.

మీ పరిస్థితికి నేనైతే చేసేది ఇది. ఎన్‌ఫ్యాట్ గడువు ఉంటే దరఖాస్తు పెట్టించండి. దోస్త్‌లో మొదటి ఆప్షన్లుగా కెమిస్ట్రీ ఉన్న ఫోరెన్సిక్ గ్రూపు, మంచి ల్యాబు ఉన్న కాలేజీలో మాత్రమే. తర్వాతి ఆప్షన్లుగా ప్రభుత్వ లేదా అటానమస్ కాలేజీల్లో కెమిస్ట్రీతో జెనెటిక్స్, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ గ్రూపులు. మీ ఊరి కాలేజీకి అడ్వాన్సు కట్టమని తొందరపెడుతున్నారని రాశారు. సబ్జెక్టుల పట్టిక చేతికి వచ్చేదాకా రూపాయి కూడా కట్టకండి. పట్టిక వచ్చాక సెమిస్టర్ల వారీగా పేపర్ల పేర్లు ఇక్కడే రాయండి, చూసి ఏ పోస్టులకు సరిపోతుందో, దేనికి సరిపోదో చెబుతాను.